రాహుకాలం లేని పూల గడియారం

"రాయలసీమ మొత్తంలో ఇంత పెద్ద పూల గడియారం ఇంకోటి లేదు" అని పార్కు కమిటీ చైర్మన్ గంగాధర్ పత్రికలవాళ్ళను పిలిచి ప్రకటించారు. హిందూపురానికీ పెనుకొండకీ నడుమనున్న ఆ ఊళ్ళో కొళాయి నీళ్ళు వారానికోసారి వస్తాయి. గడియారంలోని బంతిపూలకు మాత్రం రెండు పూటలా ట్యాంకరు వస్తుంది. కాలం విలువ తెలిసిన నాయకుడంటే అలా ఉండాలి.

గంగాధర్‌కు పట్టుచీరల అంగడి ఉంది, భార్య నాగరత్నమ్మ ఉంది, మెడలో పార్టీ కండువా ఉంది. లేనిదల్లా జిల్లా పదవి. దాని ఆర్డరు మంత్రిగారి దగ్గర తయారుగా ఉంది, సంతకమే తరువాయి. గడియారం ప్రారంభించిన రోజే అది పడుతుందని ఆయన ఆశ.

ముహూర్తం శుక్రవారం పదీ పదికి. మంత్రిగారి కారు వచ్చేసరికి పదకొండు దాటింది. ధర్మవరంలో వారి సతీమణి చేనేతను ప్రోత్సహిస్తూ అంగట్లోని చీరలన్నీ విప్పించి చూశారు, అందుకని. కారు ఆగింది గానీ మంత్రిగారు దిగలేదు. అద్దం వేలెడు దించారు.

"రాహుకాలంలో నేను కాలు కింద పెట్టేది లేదప్పా. కారు తిప్పమను."

గంగాధర్‌కు ప్రాణం పోయినంత పనయింది. చెప్పులు విడిచి, బంతిపూలు తొక్కుకుంటూ వెళ్ళి, ముళ్ళు రెండింటినీ వెనక్కి నెట్టారు.

"రాహుకాలం యాడిది సార్? చూడండి, ఇంగా పదీ పదే!"

మంత్రిగారు చేతి గడియారం చూసుకున్నారు, తర్వాత పూల గడియారం చూశారు. చేతిది సొంతానిది, పూలది ప్రభుత్వానిది. ఆయన ప్రభుత్వాన్నే నమ్మి కారు దిగారు.

రిబ్బన్ కత్తిరించి మైకందుకున్నారు. "గంగాధర్, పన్నెండు కాంగానే, అభిజిత్ లగ్నంలో, నీ ఆర్డరు మీద సంతకం పెడతా!" చప్పట్లు మోగాయి. ఆ ఊపులోనే, "ఇంత మంచి గడియ ఈ ఊరిని ఇడిసి పోగూడదు. గడియారం ఆపేయండప్పా!" అన్నారు. గంగాధర్ అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టి, మోటారు వైరు స్వయంగా కత్తిరించారు.

ఇక ఆ పార్కులో రాహుకాలం లేదు, వర్జ్యం లేదు. ఆమడగూరు నుంచి కూడా పెళ్ళివారు ట్రాక్టర్లలో దిగారు. ఆఫీసులవాళ్ళు హాజరు పట్టీలు గడియారం ముందుకే తెచ్చుకున్నారు. ఆ ఏడాది ఒక్క ఉద్యోగీ ఆలస్యంగా రాలేదు. సమయపాలనలో ఊరికి అవార్డు వచ్చింది. గంగాధర్ పొంగిపోయి గడియారం పక్కన పెద్ద బోర్డు పెట్టించారు.

"అవార్డు సరే, నీ పదవి యాడుండాది?" అంది నాగరత్నమ్మ.

గంగాధర్ పెనుకొండ వెళ్ళి మంత్రిగారిని కలిశారు. మంత్రిగారు ఆప్యాయంగా కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, గోడమీది పూల గడియారం ఫోటో చూపించారు.

"తొందరేముందప్పా? నేను మాట తప్పేవాణ్ణి కాదు. పన్నెండు కానీ."

గంగాధర్ ఇంటికి కూడా పోకుండా నేరుగా పార్కుకు వచ్చారు. అక్కడ ఏదో పెళ్ళి జరుగుతోంది. చెప్పులు విడిచి, పూలు తొక్కుకుంటూ వెళ్ళి, పెద్ద ముల్లు పట్టుకున్నారు.

"ఓయప్పా! ముల్లు ఇడువు!" పెళ్ళిపెద్ద కేకేశాడు. "ఆ బోర్డు సదువుకోలేదా?"

గంగాధర్ తలెత్తి చదివారు. 'ముల్లు కదిపినవారు ప్రజాద్రోహులు. ఇట్లు, గంగాధర్, చైర్మన్.'

ఆయన ముల్లు వదిలేశారు. బాజాలు మోగాయి. ఖాళీ అయిన ఆ చేతిలో ఎవరో అక్షింతలు పోశారు.