దిష్టి తగలని బ్యాటరీ

ఆ ఉదయం హిమజ అనుకున్నది చాలా చిన్న పని. ఆళ్లగడ్డలో బస్సెక్కి నంద్యాల కాలేజీలో దిగాలి, పరీక్షకుడు రాజశేఖర్ కళ్లెదుట బ్యాటరీ కట్టి చూపాలి. అది నిలిస్తే ఆమె పరిశోధన సాగుతుంది, లేకుంటే మూట కట్టుకోవడమే.

లిథియం ఒకవైపు, గంధకం ఒకవైపు ఉండే బ్యాటరీ అది. గంధకం కరిగి గడప దాటిందంటే గందరగోళమే. ఎంత ఛార్జింగు పెట్టినా నిండదు. దానికి అడ్డుగా, పత్తిగుడ్డను మాడ్చి, కంటికానని సందులున్న నల్లబిళ్ళలు చేసుకుంది. పేరుకు నానో పొర, పడ్డది నానా తంటా! కాలేజీలో పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారని ఇంటికి తెచ్చి భద్రంగా దాచింది.

అత్త కమలాక్షమ్మ కోడలి జడలో కనకాంబరాలు తురిమి, చెవి దగ్గర ఏదో సర్ది, "ఇంగ పో తల్లీ" అంది. హిమజ డబ్బా తెరిచింది. ఖాళీ!

"అత్తా, నా బిళ్ళలు యాడబోయినాయి?"

"యాడికి పోతాయి? అందరికీ పెట్టినా. బిడ్డ బుగ్గకొకటి, బర్రె నొసటికొకటి, మీ ఆయన ట్రాక్టరుకొకటి."

"పెట్టడమేందత్తా!"

"మొన్న నువ్వే చెప్తివి గదా, ఈ నల్లబిళ్ళ అడ్డం పెడితే ఆ పక్క చెడు ఈ పక్కకు రాదని. దిష్టికి ఇంగేం గావల్ల?"

పేరులో మంచున్నా హిమజ ముఖమంతా చెమటే. బుగ్గ మీది బిళ్ళ అప్పటికే బిడ్డ నోట్లో నానుతోంది. బర్రె తల గోడకు రుద్దుకుంది. దిష్టి పోయింది గోడకు. కోయిలకుంట్ల దారిలో ఉన్న భర్త శ్రీకాంత్‌కు ఫోన్ చేసింది.

"అదా? సుబ్బయ్యన్న అడిగితే ఇచ్చేసినా. కొత్త ఆటో గదా!"

సుబ్బయ్య ఆటో వీధి మొదట్లోనే ఉంది. బిళ్ళను అద్దానికి జిగురేసి మరీ అంటించాడు. హిమజ గోటితో గీకితే పొడి రాలింది.

"మెల్లగా తల్లీ, అద్దం కొత్తది!" అంటూ ఆయనే ఆమెను బస్టాండులో దించాడు.

నంద్యాలలో వట్టి చేతులతో నిలబడి, క్షమించమని అడగడానికి హిమజ తల వంచింది. రాజశేఖర్ కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"చెవి వెనక ఆ నల్లటిదేందమ్మా?"

హిమజ తడుముకుంది. దిష్టి నుంచి బర్రెను కాపాడిన అత్త, కోడలిని మాత్రం వదిలేస్తుందా! బిళ్ళను స్పిరిట్‌తో కడిగి, ఆరబెట్టి, బ్యాటరీలో కూర్చింది.

వారంపాటు నింపుతూ, ఖాళీ చేస్తూ చూసినా ఆ బ్యాటరీ నీరసపడలేదు. రాజశేఖర్ సంతకం చేసి, తలుపు వైపోసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఇంగో బిళ్ళ ఏమన్నా ఉందామ్మా? కొత్త కారు కొన్నా."

"కారు బ్యాటరీకా సార్?"

"కాదులే... ముందర అద్దానికి."

"లేదు సార్. ఉన్నదొక్కటీ దీంట్లోనే ఉంది."

ఆ సాయంత్రమే ఆయన కారు కాలేజీ గేటుకు గీసుకుంది. కమలాక్షమ్మకు ఆ సంగతి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.