సుంకప్పసారు కృషి రంగం

ఆ పొద్దున శాఖా గ్రంథాలయం తాళం తీస్తూ కుళ్ళాయప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. పేపర్లు బల్లల మీద పరచాలి, మిగిలిన రచయితల కార్డులు పూర్తి చేయాలి, సాయంత్రం తేరు తిరునాళ్ళకు పోయి సుంకప్పసారు సన్మానంలో ముందు వరసలో కూర్చోవాలి. కదిరికి కాస్త దూరంలో ఉన్న ఆ ఊళ్ళో లైబ్రేరియనుకు ఇంతకు మించి పని ఏ రోజూ ఉండదు.

కార్డుల పని పై ఆఫీసు వాళ్ళు తగిలించింది. స్థానిక రచయితలు ఒక్కొక్కరికీ ఒక కార్డు రాయాలనీ, అందులో పేరు, ఊరు, వృత్తి, కృషి రంగం ఉండాలనీ సర్క్యులర్ వచ్చింది. వృత్తి వేరు, కృషి రంగం వేరు, రెంటినీ కలపరాదు అన్న వాక్యం కింద ఎర్ర గీత కూడా గీశారు. మరి ఒకరి రంగం ఏదో ఎట్లా తెలుస్తుంది? వాళ్ళనే అడగవచ్చు. కానీ పెద్దమనిషి ఎదుట నిలబడి "మీరేం చేస్తాంటారు?" అనడమంటే ఆ ఊళ్ళో ఆయన్ని పనీపాటా లేనివాడనడమే. అందుకని కుళ్ళాయప్ప దగ్గరి దారి కనిపెట్టాడు. పుస్తకం దేని గురించో, రాసినవాళ్ళ రంగం అదే. అధ్యాయాల పేర్లు వాళ్ళ ప్రత్యేక నైపుణ్యాలు. ఆ విధంగా వేరుశనగకు పట్టే గొంగళిపురుగుల మీద రాసిన రామదాసు రంగం "గొంగళిపురుగులు" అయింది. దయ్యాల కథలు రాసిన రామసుబ్బమ్మ రంగం "దయ్యాలు" అయింది. ఆ రెండోదాన్ని ఆమె కోడలు చూసి ఉంటే మారు మాట్లాడకుండా సంతకం పెట్టేది.

సుంకప్పసారు హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. వానల్లేక ఎండిపోయిన పల్లెల నుంచి తేరుకు వచ్చే జనం, ఉన్న నాలుగు రూకలూ జేబుదొంగల పాలుచేసుకుని ఏడుస్తుంటే చూడలేక "జేబు జాగ్రత్త" అని ఒక పుస్తకం రాశాడు. దొంగ ఎట్లా చేస్తాడో తెలిస్తేనే కదా జనం కాచుకునేది అని ప్రతి కిటుకూ విప్పి చెప్పాడు. ధర్మవరంలో సొంత ఖర్చుతో అచ్చు వేయించాడు. ఒక్కరంటే ఒక్కరు చదవలేదు. కట్టలు అటకెక్కాయి. భార్య నాగలక్ష్మమ్మ కూడా అట్ట మీది పేరు చదివి, బాగుందని చెప్పి లోపలికి పోయింది. "ఒక్కడైనా వచ్చి, మీ పుస్తకం చదివినాను సార్ అంటే నాకు చాలప్పా" అని ఆయన కుళ్ళాయప్ప దగ్గర ఎన్నిసార్లు వాపోయాడో. అందుకే తేరు కమిటీవాళ్ళు ఈ ఏడు రచయితగా వేదిక మీద శాలువా కప్పుతామని చెప్పినప్పటి నుంచి ఆయన నేల మీద నడవడం లేదు.

కుళ్ళాయప్ప తన గుండ్రటి చేతిరాతతో ఆయన కార్డు పూర్తి చేశాడు. "సుంకప్ప. తేరువీధి. వృత్తి: ప్రస్తుతం లేదు. కృషి రంగం: జేబుదొంగతనం. ప్రత్యేక నైపుణ్యాలు: సంచులు కోయడం, బస్సు దగ్గర తోపులాట పుట్టించడం, మెడలో గొలుసులు."

సిరా ఆరకముందే కొత్త ఎస్సై పేపరు చదవడానికి వచ్చాడు. కోస్తా నుంచి బదిలీ మీద ఈమధ్యే దిగిన మనిషి. తేరు నాడు ఊరి పాతదొంగలను ముందుగానే పట్టుకొచ్చి, తేరు తిరిగి నిలిచేదాకా స్టేషనులో కూర్చోబెట్టడం అక్కడి పోలీసుల ఆనవాయితీ. తీరా చూస్తే పాత ఎస్సై రాసిపెట్టిన పేర్లలో సగానికి పైగా చెదలు తినేశాయి. ఆ దిగులుతోనే ఆయన బల్ల మీది కార్డులు తిరగేశాడు.

"ఏంటివి?"

"మన పక్క ఎవరెవరు ఏ రంగంలో పేరు తెచ్చుకున్నారో అంతా ఈడుండాది సార్."

ఎస్సై చెయ్యి ఒక కార్డు దగ్గర ఆగిపోయింది. "ఇది నిజమేనా?"

"రూలు ప్రకారం రాసింది సార్, ఒక్క అక్షరం పొల్లుపోదు. ఈ రంగంలో ఆయన్ని మించినోడు జిల్లాలోనే లేడు. ఈ పొద్దు వేదిక మీద సన్మానం కూడా చేస్తాండారు."

ఎస్సై ఆ కార్డును ఇంకోసారి చదివాడు. సీమ గురించి ఆయన చాలా విన్నాడు గానీ, దొంగకు శాలువా కప్పుతారని ఎవరూ చెప్పలేదు. కార్డు జేబులో పెట్టుకుని లేచాడు. పోలీసువాళ్ళకు కూడా సాహిత్యం మీద ఆసక్తి పుట్టిందని కుళ్ళాయప్ప మురిసిపోయి, కార్డు తీసుకుపోతున్నట్టు సంతకం మాత్రం పెట్టించుకున్నాడు.

మధ్యాహ్నం సుంకప్పసారు పట్టుపంచె కట్టుకుంటుండగా ఇంటి ముందు జీపు ఆగింది. విడపనకల్లు నుంచి కొత్తగా వచ్చిన కానిస్టేబులు బసప్ప దిగాడు.

"ఎస్సైగారు పిలుచుకుని రమ్మన్నారు. ఎక్కప్పా."

"జీపే పంపినారా! కమిటీవాళ్ళు జట్కా అన్నారే!" అంటూ సారు సంబరంగా ఎక్కాడు. నాగలక్ష్మమ్మ వీధి వీధంతా వినబడేటట్టు కేకేసింది. "చూడండమ్మా, మా ఇంటాయన్ని సన్మానానికి పోలీసు జీపులో పిలుచుకపోతాండారు!"

స్టేషనులో ఎస్సై ఆయన్ని ఎగాదిగా చూశాడు. ఆ పట్టుపంచెను, నుదుటి బొట్టును చూశాక "నువ్వు" అనడానికి నోరు రాలేదు.

"ఎన్నాళ్ళ నుంచి ఉన్నారు ఈ రంగంలో?"

"చిన్న వయసు నుంచీ సార్. మా నాయనా ఇదే పని" అన్నాడు సారు, బడిపంతులు పని గురించి అడుగుతున్నాడనుకుని.

"శిష్యులున్నారా?"

"లెక్క యాడుండాది సార్? తాలూకాఫీసులో, బ్యాంకులో, కోర్టులో, యాడ చూసినా మనోళ్ళే. పోలీసుల్లోనూ ఉండారు."

ఎస్సై చేతిలోంచి పెన్ను జారిపోయింది. "పోలీసుల్లోనా?"

"ఇన్స్పెక్టర్లు కూడా అయినారు. ఇప్పటికీ పండక్కు వచ్చి కాళ్ళకు మొక్కిపోతారు."

ఎస్సై మెల్లగా బసప్ప వైపు తిరిగాడు. బసప్ప రెండడుగులు వెనక్కి వేశాడు. "నేను కాదు సార్, మా ఇలవేల్పు మీద ఒట్టు" అన్నాడు ఎవరూ అడగకముందే. తర్వాత సుంకప్పసారును లోపలి గదికి తీసుకుపోయారు. తన వెనక ఇనపతలుపు మూతపడిన చప్పుడుకు సారు అదిరిపడి చూశాడు. అది అతిథులను కూర్చోబెట్టే గది కాదని ఆయనకు అప్పుడు తెలిసింది.

సాయంత్రం తేరు దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. కమిటీవాళ్ళు దండ పట్టుకుని వేదిక మీద ఎదురుచూస్తున్నారు. ముందు వరసలో ఉన్న నాగలక్ష్మమ్మను "సారేడమ్మా?" అని అడిగారు.

"నన్నడుగుతారేమప్పా! పోలీసు జీపు పంపింది మీరే కదా?"

"మేమా? జీపా?"

పక్కనే ఉన్న కుళ్ళాయప్పకు జీపు, పోలీసు, పొద్దుటి కార్డు ఒక్కసారిగా కళ్ళ ముందు నిలిచాయి. "అయ్యో, సారును నేనే లోపల వేయించినాను కదమ్మా!" అని గావుకేక పెట్టి, జనాన్ని తోసుకుంటూ స్టేషనుకు పరుగెత్తాడు. వేదిక మీద కమిటీవాళ్ళు కాసేపు చూసి, దండ వాడిపోతున్నదని చెప్పి, శాలువా అధ్యక్షుడి బావమరిదికి కప్పేశారు.

సంగతి విన్న ఎస్సై కుర్చీలోంచి లేచి మళ్ళీ కూలబడ్డాడు.

"హెడ్మాస్టరా! మరి వృత్తి లేదని రాశావు?"

"రిటైరైనారు కదా సార్."

"జేబుదొంగతనం?"

"అది ఆయన రాసిన పుస్తకం సార్."

"ఆ ముక్క రాసి చావొచ్చు కదయ్యా!"

"దానికి సర్క్యులర్లో గడి లేదు సార్."

ఎస్సై తాళంచెవులు తీసుకుని తానే లోపలికి పరుగెత్తాడు. ఇంత పెద్దమనిషిని దొంగలతో పాటు కూర్చోబెట్టిన సంగతి పైవాళ్ళకు తెలిస్తే తన గతేమిటి? కుళ్ళాయప్ప ఏడుపు దిగమింగుకుంటూ వెనకే పోయాడు. ఇద్దరూ తలుపు తెరిచి నిర్ఘాంతపోయారు.

సుంకప్పసారు పట్టుపంచెతో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పొద్దున పట్టుకొచ్చిన పాతదొంగలు చుట్టూ చేరి ఉన్నారు. సారు పేరు అప్పుడే తెలిసి, వాళ్ళలో పెద్దవాడు ఆదెన్న ఆయన పాదాలు పట్టుకుని ఉన్నాడు.

"మీరేనా సార్ ఆ సుంకప్పగారు! మీ పుస్తకం చదివే కదా సార్ మేం ఈ పనిలో ఇంత పైకొచ్చింది!"

సారు మొహం పాలిపోయింది. "నా పుస్తకమా? మీకెట్లా వచ్చింది? కొన్నారా?"

"కదిరి బస్టాండులో ఒకాయన జోబులో దొరికింది సార్. దుడ్లు తక్కువే గానీ, పుస్తకం మాత్రం బంగారం."

జేబు జాగ్రత్త అని చెప్పిన పుస్తకం ఆ జేబులోంచే పోయిందని విని ఎస్సై గోడకు ఆనుకున్నాడు. సారు మాత్రం ఆదెన్ననే చూస్తున్నాడు.

"అంతా చదివినారా?"

"మాలో చదువొచ్చినోడు చదువుతాంటే మిగిలినోళ్ళం వింటిమి సార్. ఎన్నిసార్లో."

"ముందుమాట కూడానా?"

"మొదట దాన్నే చదివినాం సార్. మీ నాయన గురించి రాసిన చోట ఏడుపొచ్చింది."

సుంకప్పసారు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపమో, సిగ్గో, సంతోషమో ఆయనకే తెలియలేదు గానీ సంతోషమే ఎక్కువ.

"నాలుగో అధ్యాయంలో ఒక తప్పుండాది సార్" అన్నాడు ఆదెన్న నెమ్మదిగా. "సంచి ఆ పక్కనుంచి కోస్తే దొరికిపోతాం. రెండోసారి అచ్చేసేటప్పుడు సరిచేయండి."

ఎస్సై చేతులు జోడించాడు. "క్షమించండి మాస్టారూ, పొరపాటైపోయింది. జీపు సిద్ధంగా ఉంది, వేదిక దగ్గర దింపుతాను."

"శాలువా ఎప్పట్లాగే అధ్యక్షుడి బావమరిదికి పోయింటాది సార్, అంతా నావల్లే" అని కుళ్ళాయప్ప భోరుమన్నాడు.

"పోనీలేప్పా, ఆ వేదిక మీదోళ్ళు అట్ట కూడా చదవలేదు" అని, సుంకప్పసారు ఎస్సై జేబులోని పెన్ను అడిగి తీసుకున్నాడు. "సార్, ఆ తలుపు దగ్గరికేసి పోండి. మేమింకా నాలుగో అధ్యాయంలోనే ఉండాం."

లోపలి మనిషి అడిగితే తలుపు వేయడం ఎస్సైకి సర్వీసులో అదే మొదటిసారి.