కోవా తినే విధానం

ప్రజలు అజ్ఞానంతో మింగే ఒక్క ముద్దను కూడా ప్రభుత్వం ఇక సహించబోదని చిత్తూరు సభలో మంత్రిగారు ప్రకటించారు. తినే ప్రతి వస్తువు ప్యాకెట్ మీదా దాన్ని తినే విధానం అచ్చవ్వాలి. లేదంటే లైసెన్సు రద్దు. అది 1998వ సంవత్సరం. చప్పట్లు ఆగకముందే జీవో వచ్చేసింది.

పలమనేరులో పాలకోవా చేసి అమ్మే వరదమ్మ ఆ వార్త విని పడీపడీ నవ్వింది. నాలుగో రోజు ఇన్‌స్పెక్టర్ సుందరరాజు జీపు దిగేసరికి ఆ నవ్వు కాస్తా ఎండిపోయింది. లైసెన్సు పోతే ఆమెతోపాటు పనిచేసే ఆరుగురు ఆడవాళ్ళూ ఇంట్లో కూర్చోవాల్సిందే.

"రాసుకోమ్మా. ఒకటి, తినే ముందు కవరు విప్పవలెను."

"విప్పకుండా ఎవురు తింటారు సార్?"

"అట్లనుకునే దేశం ఇట్ల తగలబడింది. రెండు, నోరు తెరవవలెను. మూడు, నమలవలెను. నాలుగు, మింగవలెను."

ప్యాకెట్ మీద అంటించే అగ్గిపెట్టెంత చీటీలో అవన్నీ పట్టలేదు. సుందరరాజు కళ్ళద్దాలు సవరించుకుని, అడుగున ఉన్న తేదీ మీద వేలు పెట్టాడు.

"ఇది తీసెయ్."

"అయ్యో, పాలతో సేసేది సార్! వారం దాటితే పులిసిపోతాది. కొనేవాళ్ళకి తెలియొద్దా?"

"జీవోలో తేదీ మాటే లేదమ్మా."

జీవోను పాటించిన మొట్టమొదటి ప్యాకెట్ వరదమ్మదే అయింది. మంత్రిగారి చేతుల మీదుగా విడుదల చేయించాలని యాభై ప్యాకెట్లు పట్టుకుపోయారు. ఆ సభ మూడుసార్లు వాయిదా పడి, పద్దెనిమిదో రోజున జరిగింది.

వేదిక మీద వరదమ్మకు శాలువా కప్పారు. ఆమె సుందరరాజు చెవిలో చెప్పింది. "సార్, అది పాత సరుకు. తినొద్దని చెప్పండి."

"ప్రోటోకాల్ ఒప్పుకోదు," అన్నాడాయన.

మంత్రిగారు చీటీని మైకులో చదువుతూ, ఒక్కొక్కటీ చేసి చూపించారు. విప్పారు. తెరిచారు. నమిలారు. మొహం ముడుచుకుపోయింది.

"ఉమ్మేయండి సామీ!" వరదమ్మ ఉండబట్టలేక అరిచింది.

మంత్రిగారు ఆశగా చీటీ వైపు చూశారు. నాలుగోది మింగడమే. ఎదురుగా కెమెరాలు. మింగి, చిరునవ్వు నవ్వారు. సభ హోరెత్తిపోయింది.

మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చాక, ప్రజారోగ్యం దృష్ట్యా మంత్రిగారు సవరణ జీవో ఇచ్చారు. అది పట్టుకుని సుందరరాజు మళ్ళీ పలమనేరు వచ్చాడు.

"ఐదు, పాడైతే ఉమ్మివేయవలెను."

"ఇంక చోటు యాడుండాది సార్?" అంటూ వరదమ్మ చీటీని ముందుకు తోసింది.

సుందరరాజు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి పైనున్న పెద్ద అక్షరాల దగ్గర అతని వేలు ఆగింది.

"ఈడ 'పాలకోవా' అని ఊరికే ఉండాదే!" అన్నాడు.