ఎర్రగుబ్బ కేకల తవ్వకం

ఎర్రగుబ్బ కొండ మీద తాతలనాడు దొరల మీద జరిగిన పితూరీలో పేలిన తుపాకీ మోతలూ, పడిపోయినవాళ్ళ కేకలూ చెడిపోకుండా నేలలోనే దుంపల్లా ఊరి ఉన్నాయి కాబట్టి, వాటన్నిటినీ తవ్వి తీసేదాకా కొండను గనుల కంపెనీకి అప్పగించడం కుదరదని యుద్ధావశేషాల శాఖ తేల్చింది. ఇందులో ఎవరికీ వింతేమీ కనిపించలేదు. కంపెనీ బుల్‌డోజరు మొదటిరోజే ఒక మోత మీదికెక్కింది. మోత పేలింది. డ్రైవరు బండి అక్కడే వదిలేసి బస్సెక్కి ఇంటికి పోయాడు. బీమావాళ్ళు వచ్చి చూసి, యుద్ధం పూర్తిగా అయిపోయినట్టు ధ్రువపత్రం తెమ్మన్నారు.

తవ్వకానికి కొండ మీది జనాన్నే కూలికి పెట్టారు. యుద్ధం అయిపోయినట్టు ఆ పత్రం వచ్చిన మర్నాడు ఖాళీ చెయ్యాల్సింది వాళ్ళ ఊరే. తమ ఊరిని తామే గునపంతో పెళ్ళగించుకోవడం కూడా వింతేమీ కాదు. ఇలాంటి పనులకు సర్కారు ఎప్పుడూ అలాంటివాళ్ళనే పెడుతుంది. వంతల కాసులమ్మ చిన్నప్పటి నుంచీ అడవి దుంపలు తవ్వి బతికిన మనిషి. ఊరు పోతుందని తెలుసు. ఆ కూలి వద్దంటే కింద నుంచి మనుషుల్ని తెస్తారనీ తెలుసు. అందుకని గునపం పట్టింది.

అవశేషాధికారి చిదంబరరావు కొండ మొదట్లో రేకుల షెడ్డు వేసుకుని, పైకొచ్చిన సరుకును వేరు చేయించేవాడు. దొరల కెప్టెన్లు వేసిన ఆర్డర్లకు దూది చుట్టి, గాజు సీసాల్లో పెట్టి మ్యూజియానికి పంపేవాడు. గుర్రాల సకిలింపులు బడిపిల్లలకు చూపించడానికి. ఒక బూరా మోత చెక్కు చెదరకుండా దొరికితే మంత్రిగారొచ్చి, చెవి ఆనించి విని, చప్పట్లు కొట్టి, టిఫిన్ చేసి వెళ్ళారు. కొండవాళ్ళ కేకల్ని మాత్రం ‘చప్పుడు, ఇతరములు’ అని రాసి డ్రమ్ముల్లో కుక్కి షెడ్డు వెనక పారేశారు. వాటిలో చాలామటుకు ఒకటే కేక. “కొండ దిగం.”

“మా తాత కేక కూడా డ్రమ్ములో ఏసీసినారు ఒదినా,” అన్నాడు పక్క గోతిలో తవ్వుతున్న కొర్రా బుద్రు.

“మీ తాతకి గాజుసీసా ఎందుకురా? బతికినన్నాళ్ళూ సొరబుర్రతోనే తాగినాడు కదా,” అంది కాసులమ్మ.

వానలు పడ్డాక చిక్కొచ్చింది. తవ్వి పూడ్చిన ప్రతి గోతిలోంచీ మళ్ళీ తీగ లేచింది. తవ్వితే మళ్ళీ మోతలు, మళ్ళీ కేకలు, కిందటేటి కన్నా లావుగా. ధ్రువపత్రం కోసం కంపెనీ రోజూ ఫోన్ చేస్తోంది. చిదంబరరావు కాసులమ్మను షెడ్డుకి పిలిపించాడు.

“తవ్వేసిన గోతిలో మళ్ళీ ఎలా వచ్చిందమ్మా?”

“తల పాతీసినాం కద బాబూ.”

“తల ఏమిటి?”

“దుంప తవ్వితే తీగున్న తల ముక్క కోసి, అదే గోతిలో ఎట్టి మన్ను కప్పీడమే. నేకపోతే మల్లేడు ఏటి తింటాం?”

“పాతమని నీకెవరు చెప్పారు?”

“ఒకులు సెప్పాలేటి? మీ ఇంట్లో అన్నం తిన్న సెయ్యి కడుక్కోమని మీకు ఆర్డరొస్తాదా?”

ఇది కావాలని చేసింది కాదు, మొదటిసారి. చేతి అలవాటు. చిదంబరరావు అది ఒప్పుకుని, ఇకమీదట తల పాతకుండా తవ్వితే కింద కాలనీలో రెండు గదుల ఇల్లు ఇప్పిస్తానన్నాడు. కాసులమ్మ ఆ మాట పూర్తిగా విని, లేచి, కొండెక్కి, ఆ రోజు తవ్వినవాటి తలలన్నీ ఒక్కొక్కటే పాతిపెట్టింది. ఈసారి అలవాటు కాదు. ఊరంతా చూస్తుండగా పాతింది. ఊరంతా పాతింది.

మూడో పంట కేకల్లో గొంతులు మారాయి. షెడ్డులో ఒకటి చీల్చి వింటే అది కాసులమ్మ గొంతు.

“ఇది నీదే కదా?” అన్నాడు చిదంబరరావు ఆమెను పిలిపించి.

“నాదే బాబూ.”

“ఎప్పుడు అరిచావు?”

“అరవనేదు. అరవాలనుండీది. లోపలే ఉండి ఉండి నేల్లోకి దిగీసినట్టుంది.”

నిబంధన స్పష్టంగా ఉంది. యుద్ధభూమిలో ఎవరి గొంతు దొరికితే వాళ్ళు ఆ యుద్ధంలో ఉన్నట్టే. యుద్ధం తాతలనాటిది. అందులో ఉండి, ఇంకా నేల మీద మిగిలినది ఏదైనా అవశేషమే. బుద్రు గొంతు దొరికింది. తరవాత అందరివీ దొరికాయి. ఊరు ఊరంతా అవశేషాలుగా నమోదైంది. అవశేషాన్ని లాగకూడదు, విరవకూడదు, చుట్టూ బ్రష్షుతో మెల్లగా తవ్వి తియ్యాలి.

“అయితే తవ్వండి,” అని కాసులమ్మ వెళ్ళి తన చేనులో నిలబడింది.

కింద నుంచి మనుషుల్ని తెచ్చి ఆమె పాదాల చుట్టూ తవ్వించారు. పాదం కింద మడమ, మడమ కింద ఇంకా ఏదో లోపలికి పోతూనే ఉంది. బుద్రు కింద కూడా అంతే. తవ్వకం ఇప్పటికీ నడుస్తోంది, కంపెనీకి ధ్రువపత్రం ఇంకా రాలేదు. మనుషులుగా ఉన్నప్పుడు వాళ్ళకు నోటీసులిచ్చారు, కరెంటు తీసేశారు, పోలీసుల్ని పంపారు. వస్తువులయ్యాక చుట్టూ గొలుసు కట్టి, ‘తాకరాదు’ అని బోర్డు పెట్టి, ఎండ తగలకుండా పందిరి వేశారు. కాపలాకి ఒక మనిషి. నెలకోసారి డాక్టరు. ఓటు మాత్రం తీసేశారు. ఉన్నప్పుడు దాంతో ఒరిగిందేమిటో ఎవరికీ గుర్తు రాలేదు.

మొన్న అవతలి కొండవాళ్ళు కొందరు చేతిలో కొత్త నోటీసులతో వచ్చి గొలుసు దగ్గర నిలబడ్డారు.

“అమ్మా, మావు కూడా వస్తువులైపోవాలంటే ఎవుల్ని కలవాల?”

“ఎవుల్నీ కలవొద్దు,” అంది కాసులమ్మ. “కడుపులో ఉన్న కేక బయటికెయ్యండి. మానాగ లోపలే దాసుకోకండి. ఇప్పుడే ఎయ్యండి.”

వాళ్ళు వేశారు. పందిరి రాటలు అదిరాయి. కాసులమ్మ నోరు ఆపమంటారా అన్నట్టు కాపలా మనిషి చిదంబరరావు వైపు చూశాడు. చిదంబరరావు చట్టం తీసి రెండుసార్లు తిరగేశాడు. వస్తువులు మాట్లాడకూడదని అందులో ఎక్కడా లేదు.