గడ్డి మిషను బిళ్ల మాయం

"పోలయ్యా, ఈ జిల్లాలో దొంగలకు నిద్ర ఎందుకు పట్టడం లేదో తెలుసా? నేను మేలుకుని ఉన్నాను గనక!" అన్నాడు హజరత్తయ్య, నా కాఫీ తాగేస్తూ.

ఈ స్వయంప్రకటిత డిటెక్టివుకు స్నేహితుణ్ణి కావడం నా గ్రహచారం. ఆయన పట్టుకున్న దొంగలు ఇంతవరకూ లేరు. ఆయన్ను పట్టుకున్న కుక్కలున్నాయి.

అంతలో జీవానందం రొప్పుతూ వచ్చాడు. మిషనాసుపత్రి దొర స్వదేశం వెళ్తూ అమ్మిన గడ్డి కోసే మిషనుతో బంగళాల ముందు పచ్చిక కోసి బతుకుతున్నాడు.

"అన్నా, మిషను మీది లైసెన్సు బిళ్ల పోయినాది! ఇన్సూరెన్సు ఏజెంటు సమాధానంగారు క్లబ్బుకు వస్తా ఉండారు. బిళ్ల చూపిస్తేనే ఇన్సూరెన్సు. అది ఉంటేనే క్లబ్బులో పని. మిషను కింద రాయి పడి ఎగిరి పెద్దోళ్ల అద్దాలు పగిలితే నా కొంప గతేంది?"

"ఏం బిళ్లయ్యా?" అన్నాను.

"ఒంటెద్దు బండి బిళ్ల."

నేను నోరు తెరిచాను.

"ఆఫీసులో గడ్డి మిషనుకు లైసెన్సే లేదంట. కోసేది గనక మంగలి షాపు కింద రాస్తామన్నారు. చక్రాలుండాయి సామీ అంటే, ఒంటెద్దు బండి కింద రాసినారు."

హజరత్తయ్య కళ్లు మూశాడు. "అంతర్జాతీయ ముఠా! బిళ్ల కరిగించి తుపాకి గుండ్లు పోస్తారు."

"అది రేకు బిళ్లన్నా."

"చిన్న గుండ్లు!"

నేరస్థుడు నేరస్థలానికి తిరిగొస్తాడని ప్రకటించి, జువ్వలదిన్నె జాలర్ల వలతాళ్లు పీకి చేయించుకున్న పెట్టుడు గడ్డం తగిలించుకుని, క్లబ్బు మైదానంలో ఏపుగా పెరిగిన గడ్డిలో బోర్లా పడుకున్నాడు. మేం ఎంత చెప్పినా లేవలేదు.

ఏజెంటు సైకిలు దిగాడు. "బిళ్ల ఏదయ్యా?"

"ముందు మిషను నడక చూడండి సార్!" జీవానందం దిక్కుతోచక మిషను తోశాడు. కంగారులో ఎటు తోస్తున్నాడో చూసుకోలేదు.

"చచ్చాన్రోయ్!" గడ్డిలోంచి కేక. డిటెక్టివు గడ్డం సగం మిషనులోకి పోయింది. మిషను బిగుసుకుపోయింది.

దాన్ని బోర్లించి, బ్లేళ్లకు చుట్టుకున్న పీచు లాగాను. దాంతోపాటు ఠంగుమని రేకు బిళ్ల రాలింది. మిషను పిడికి బిళ్లను బిగించిన మేకు ఊడి, అది బ్లేళ్ల వెనక ఇరుక్కుందన్నమాట.

"గడ్డాన్నే గాలంగా వేశాను!" గడ్డిలోంచి గొంతు వినిపించింది.

ఏజెంటు బిళ్ల చదివాడు. "ఒంటెద్దు బండి. బాగుంది. మరి ఎద్దేది? ఎద్దును చూడందే ఇన్సూరెన్సు ఇవ్వను."

జీవానందం మొహం పాలిపోయింది. "ప్రభువా!"

సరిగ్గా అప్పుడే హజరత్తయ్య, జారిపోయిన కళ్లజోడు వెతుక్కుంటూ, నోట్లో గడ్డిపరకతో, నాలుగు కాళ్ల మీద బయటికొచ్చాడు. జీవానందం నావైపు చూశాడు. నేను మిషనుకు కట్టిన తాడువైపు చూశాను.

తాడు భుజాన పడేసరికి డిటెక్టివు మండిపడ్డాడు. "ఏందిది? నేనెవరో తెలుసా..."

నోరు తెరుచుకుంది గనక ఏజెంటు వంగి పళ్లు చూశాడు. "వయసు ముదిరింది. పొగరు తగ్గలేదు. లాగుతుంది." సంతకం పెట్టాడు.

ఇప్పుడు ఏజెంటు సైకిలు బెల్లు వినబడితే చాలు, హజరత్తయ్య గబగబా మిషను ముందు నిలబడి తాడు భుజానికెత్తుకుంటాడు.

"మారువేషం పోలయ్యా," అంటాడు గుసగుసగా. "ముఠాకు ఇంకా అనుమానం రాలేదు."