గురువారం నొప్పి ఏడు

మీరందరూ పెళ్ళైనవాళ్ళే కాబట్టి దాచకుండా చెబుతాను. నవ్వుకోండి, ఫర్వాలేదు. నాకే నవ్వు రావడం లేదు.

మా ఆవిడ బడిలో లెక్కల టీచరు. పన్నెండేళ్ళుగా తెల్లారి ఐదింటికల్లా బూట్లు కట్టుకుని పరుగుకి వెళ్ళిపోతుంది. నేను లేచేసరికి ఫ్లాస్కులో కాఫీ మాత్రం ఉంటుంది. ఆమె వచ్చి, స్నానం చేసి, బడికి పరుగు. సాయంత్రం పేపర్లు దిద్దడం. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటున్నామని కరెంటు బిల్లు చూస్తే గాని తెలిసేది కాదు.

అలాంటి మనిషి రోడ్డు మీద గుంటలో కాలు వేసింది. చీలమండ బూరెలా పొంగింది. ఫిజియోథెరపీ డాక్టరమ్మకి నేను చీలమండ మేడం అని పేరు పెట్టుకున్నాను. "లిగమెంటు చిరిగింది. ఆరు వారాలు పరుగు మాటెత్తొద్దు" అందావిడ. మా ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. నాలుగు నెలల్లో ఇరవై ఒక్క కిలోమీటర్ల పోటీ ఉంది, ఏడాదిగా దానికే తయారవుతోంది.

నేనూ బాధపడ్డాను, ఒక రోజు. రెండో రోజు లేచేసరికి ఆమె నా ఎదురుగా కూర్చుని, కాలు స్టూలు మీద పెట్టుకుని, నాతో కాఫీ తాగింది. మూడో రోజూ తాగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇలా ఉంటే బాగుంది అని ఒక్క మాట అనొచ్చు. పన్నెండేళ్ళుగా అలవాటు తప్పిన నోరు, పెగల్లేదు.

ఐదో వారం చీలమండ మేడం నా చేతికి గళ్ళ కాగితం ఇచ్చింది.

"రోజూ పొద్దున్నే నొప్పి పదికి ఎంతో ఆవిణ్ణి అడిగి మీరు రాయండి సార్. పరిగెత్తేవాళ్ళు ఆత్రంలో తగ్గించి రాసుకుంటారు. మూడు దాటకపోతే మెల్లగా మొదలుపెట్టిద్దాం."

అడిగి రాసే అలవాటు నాకెక్కడిది? నేను శీతల గిడ్డంగిలో సూపర్‌వైజర్ని. గంటగంటకీ చలిగదిలోకి వెళ్ళి థర్మామీటరు చూసి రిజిస్టర్లో రాయాలి. చలి నాకు పడదు. పద్దెనిమిదేళ్ళుగా కుర్చీలోంచే రాస్తున్నాను. సోమవారం పొద్దున కూర్చుంటే శనివారం దాకా ఉష్ణోగ్రతలు సిద్ధం.

నొప్పీ అలాగే రాశాను. ఏడు, ఏడు, ఆరు, ఏడు. మధ్యలో ఆరెందుకంటే, అన్నీ ఒకేలా ఉంటే తనిఖీవాళ్ళకి అనుమానం వస్తుంది.

వారం తిరక్కుండా మా ఆవిడ ఒక అచ్చుకాగితం తెచ్చి ఫ్రిజ్ మీద అంటించింది.

"ఏమిటిది?"

"మీ అంకెలు చూసి మేడం కంగారుపడి నియమాలు పంపింది. ఏడొస్తే నేను నిలబడకూడదట. వంట, అంట్లు, ఇల్లు తుడవడం సహాయకుడే చెయ్యాలట."

"సహాయకుడెవరు?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఇంట్లో ఇంకెవరున్నారు?"

ఎదురుగా కూర్చుని కాఫీ తాగుదామనుకున్నవాణ్ణి స్టవ్ ముందు నిలబడ్డాను. ఆమె హాల్లో పేపరు చదువుకుంటూ కూర్చుంది.

"ఏమండీ, కూరలో ఉప్పెక్కువైంది."

"నొప్పితో ఉన్నావు కదా, రుచి తెలియదులే."

"నొప్పి కాల్లో. నాలుక బాగానే ఉంది."

నాలుగు రోజులకి నడుం విరిగింది. ఐదుకి దించాను. ఐదుకి నియమం: తెల్లారి ఐదింటికి సహాయకుడితో అరగంట నడక. ఆమె ముందు, నేను వెనక రొప్పుతూ. పాలబండి అతను జాలిపడి, "దెబ్బ తగిలింది సార్‌కేనా అమ్మా?" అని అడిగాడు.

నాలుగు వేశాను. నాలుగుకి ఇద్దరూ ఒంటికాలి మీద నిమిషం నిలబడాలి. నేను చెప్పుల స్టాండు మీద పడ్డాను. స్టాండు పనైపోయింది.

ఆ కాగితంలో ఎంత వెతికినా, ఆమె నా ఎదురుగా కూర్చుని కాఫీ తాగే అంకె లేదు. ఓడిపోయి రెండు, రెండు, ఒకటి అని రాసేసి, కాగితం పట్టుకుని ఆమెతో పాటు క్లినిక్కి వెళ్ళాను.

చీలమండ మేడం నా కాగితం చూడనే లేదు.

"నిన్నెంత పరిగెత్తారు?"

"మూడు కిలోమీటర్లు. నొప్పి ఒకటి" అంది మా ఆవిడ.

"ఎప్పుడు పరిగెత్తావు?" అన్నాను.

"మీరు గిడ్డంగికి వెళ్ళాక. మేడం సరేనన్న రోజు నుంచి. పది రోజులైంది."

"మరి నేను రాసింది?"

మేడం ఫోను తీసి చూపించింది. "మీరు రాసిన కాగితం మీ ఆవిడ మొదటి వారమే ఫొటో తీసి పంపారు సార్. ఫొటో తీసింది మంగళవారం. అందులో గురువారం నొప్పి ఏడు అని ఉంది. అప్పట్నించీ ఆవిడ అంకెలు ఆవిడనే పంపమన్నాను."

"మరి ఆ నియమాలు?"

"ఏ నియమాలు?" అంది మేడం. ఇంట్లో ప్రశ్నపత్రాలు అచ్చువేసే లెక్కల టీచరు కిటికీలోంచి బయటికి చూసింది.

ఇంటి మెట్ల దగ్గర నాకు నోరు పెగిలింది. "పొద్దున్నే నాతో కాఫీ తాగుతావని రాశాను."

ఆమె ఆగింది. "అందుకని నన్ను కుంటిదాన్ని చేసి కూర్చోబెడతారా? అడిగుంటే ఆదివారాలు పరుగు మానేసేదాన్ని."

నేను చేతిలోని కాగితం మడత పెట్టాను.

"అది పోనివ్వండి. నొప్పి ఎంతని ఒక్కసారైనా అడిగారా? నాతో కాఫీ తాగుతూ మీరు మురిసిపోయిన ఆ మొదటి పది రోజులూ తొమ్మిది. ఎదురుగానే కూర్చున్నాను."

కాలు చూసుకుంటూ ఒక్కో మెట్టే ఎక్కి ఆమె పైకి వెళ్ళిపోయింది. నేను కిందే నిలబడిపోయాను. సిగ్గేసింది.

ఇప్పుడు మళ్ళీ ఐదింటికే వెళ్తోంది. ఇవాళ ఆమె వచ్చే వేళకి రెండు కప్పుల్లో కాఫీ పోసి గుమ్మంలో నిలబడ్డాను.

"నొప్పి ఎంత?" అన్నాను.

ఆమె వంగి బూటు లేసు విప్పుతూ తలెత్తకుండానే అంది. "మీకు తోచింది రాసుకోండి."

రెండు కప్పులూ నేనే తాగాను.