హంస భాష టీచరు వకుళ

ఒక పెద్ద అడవిలో ఏ జంతువుకూ తన అరుపు మీద నమ్మకం ఉండేది కాదు. పెద్దపులి సైతం తన పిల్లలు హంస భాషలో గాండ్రిస్తే బాగుండునని కలలు కనేది. ఉత్తరాన మంచు సరస్సులో హంసలు మాట్లాడే ఆ భాష వస్తే ఎక్కడైనా బతకొచ్చని అందరి అభిప్రాయం. హంసను కళ్ళారా చూసినవాళ్ళు మాత్రం చాలా తక్కువ.

ఆ తక్కువమందిలో వకుళ అనే గోరింక ఒకతె. చలికాలంలో అడవి శివారు మడుగులో ఒకటీ అరా హంసలు దిగేవి. ఏడేళ్ళు వాటి వెంటపడి, వ్యాకరణంతో సహా భాష నేర్చుకుంది. కళ్ళు మూసుకుని వింటే హంసే మాట్లాడుతోందనుకోవాలి. అంత నేర్చుకుని జింక పిల్లలకు ట్యూషన్లు చెప్పుకునేది.

ఒకరోజు ఒక ప్రకటన ఆమె కంటపడింది. సముద్రం అవతలి అడవిలోని అంతర్జాతీయ పాఠశాలకు హంస భాష టీచరు కావాలట. రెండేళ్ళ కాంట్రాక్టు, ఉచితంగా గూడు, ఏడాదికోసారి సొంత అడవికి రానుపోను ఖర్చులు.

రెండేళ్ళు అక్కడ చేస్తే ఆ అనుభవంతో ఇంకో అడవి, అక్కణ్ణుంచి మరో అడవి, పదేళ్ళు తిరిగేసరికి ప్రిన్సిపాల్ పదవి అనుకుంది వకుళ. ఆ వారంలోనే ఎగిరిపోయింది.

పాఠశాల డైరెక్టరు భల్లయ్య అనే ఎలుగుబంటి. తేనె వ్యాపారంలో గడించి స్కూలు పెట్టాడు. వకుళ మాట విని మురిసిపోయాడు. ఆమె ఈకలు చూసి నసిగాడు.

"భాష బ్రహ్మాండంగా ఉందమ్మా. రంగే కాస్త..."

"నేను పాఠం చెప్పేది నోటితోనండీ" అంది వకుళ.

"నాకు తెలుసు. తల్లిదండ్రులకు తెల్లటి టీచరు కావాలి. నువ్వు అసిస్టెంటుగా చేరు. పాఠాలు రాయడం, పేపర్లు దిద్దడం నీ పని. క్లాసులో నిలబడటం ధవళ మేడం పని."

ధవళ మేడం ఒక తెల్ల బాతు. ఎక్కడో పశువుల కొట్టం వెనక పెరిగింది. సెలవులకని ఈ అడవికొచ్చి, చేపలు బాగున్నాయని ఉండిపోయింది. తెల్లగా ఉంది కదా అని పిలిచి ఉద్యోగమిచ్చారు. హంస భాషలో ఒక్క ముక్క రాదు. ఏ పాఠమైనా "క్వాక్" అనేది. పిల్లలూ "క్వాక్" అనేవారు. ఇంటికెళ్ళి అదే అంటే తల్లిదండ్రుల కళ్ళు చెమర్చేవి.

"ఆ యాస విన్నారా, అచ్చం సరస్సు ఒడ్డున పుట్టినట్టే" అని ఒక నీటికుక్క తల్లి అడవంతా చెప్పుకుంది.

నిజానికి ధవళ చెడ్డది కాదు. "ఇంతింత పొడుగు వాక్యాలు ఎందుకు రాస్తావు వకుళా? నేను చదవను, వాళ్ళు వినరు" అని జాలిపడేది.

ఆ జాలే వకుళను ఎక్కువ కాల్చింది. కాంట్రాక్టు ముగిసే నెలలో, హంసల పెద్దలకు పేరు లేకుండా ఒక ఉత్తరం రాసింది. మీ భాష పేరుతో ఇక్కడేం జరుగుతోందో వచ్చి చూడండి అని. హంస వస్తుంది, బాతు నోరు తెరుస్తుంది, కుర్చీ ఖాళీ అవుతుంది. అందులో తాను కూర్చుంటుంది. అదీ పథకం.

పెద్దలు పంపిన ఒక హంస తనిఖీకి వచ్చింది. స్టాఫ్ రూములో వకుళతో రెండు మాటలు మాట్లాడి ఆశ్చర్యపోయింది.

"మా సరస్సులో పుట్టినవాళ్ళే ఇంత శుభ్రంగా మాట్లాడటం లేదు తల్లీ. ఎవరు నేర్పారు?"

వకుళ తన ఏడేళ్ళ మడుగు చదువంతా గబగబా చెప్పేసింది. ఈ రెండేళ్ళలో ఆమెతో ఆ భాషలో మాట్లాడిన ప్రాణి అదే.

తర్వాత హాల్లో తల్లిదండ్రుల ఎదుట తనిఖీ మొదలైంది. "పిల్లలూ, మీ పేర్లేమిటి?" అని హంస తన భాషలో అడిగింది. పిల్లలు ముఖాలు చూసుకున్నారు. "ఈవిడది ఏ భాష?" అని ఒక ఎలుగు పిల్ల గుసగుసలాడింది.

ధవళ "క్వాక్" అంది. క్లాసంతా ఒక్క గొంతుతో "క్వాక్" అంది. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు.

"ఇది మా భాష కాదు. బాతు అరుపు" అంది హంస, అందరికీ అర్థమయ్యే అడవి భాషలో.

నీటికుక్క తల్లి లేచింది. "నాలుగేళ్ళుగా మావాడు నేర్చుకున్నది అరుపంటారా? డిస్టింక్షన్ వచ్చిందండీ వాడికి. అసలు మీరు హంసేనని రుజువేమిటి?"

హాలంతా గోలగోలైంది. భల్లయ్య చెమట తుడుచుకుని వకుళ వైపు తిరిగాడు.

"ఇక్కడ ఆ భాష చదువుకున్నదానివి నువ్వే. ఎవరిది సరైనదో నువ్వే చెప్పమ్మా. ఆలోచించి చెప్పు, రేపు నీ కాంట్రాక్టు మీద సంతకం పెట్టాలి."

హంస నిబ్బరంగా చూస్తోంది. తల్లిదండ్రులు పళ్ళు కనపడేలా చూస్తున్నారు.

"హంస గారిది కాస్త పాతకాలపు ఉచ్చారణ" అంది వకుళ, నేల చూస్తూ. "ఇప్పుడు అంతర్జాతీయంగా చెల్లేది ధవళ మేడం పద్ధతే."

హంస రెక్కలు సర్దుకుంది. వెళ్ళేముందు తన భాషలో మెల్లగా, "ఆ ఉత్తరం రాసింది నువ్వేనా?" అని అడిగింది. ఆ హాల్లో అర్థమైంది వకుళ ఒక్కదానికే. అర్థం కానట్టు ఊరుకుంది.

మర్నాడు భల్లయ్య కుర్చీ చూపించి కూర్చోబెట్టాడు.

"నిన్న స్కూలు పరువు నిలబెట్టావు. అందుకే చెప్పడానికి బాధగా ఉంది. నీ మాటా ఆ హంస మాటా ఒకేలా ఉన్నాయని తల్లిదండ్రులు పట్టేశారు. పాతకాలపు ఉచ్చారణని నువ్వే అన్నావాయె. ఇక నీతో పాఠాలెలా రాయించను? ఒక ఏడాది ఒకటో తరగతిలో కూర్చుని ధవళ మేడం దగ్గర యాస దిద్దుకో. సర్టిఫికెట్ ఇస్తాను."

వకుళ ముందు బెంచీలో ఎలుగు పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుంది.

"నోరు ఇంకాస్త వెడల్పుగా తెరువమ్మా" అంది ధవళ, ప్రేమగానే.

ఏడాది తిరిగేసరికి వకుళ ఫస్టు క్లాసులో పాసైంది. ఇప్పుడు మూడో అడవిలో, హంస భాషా విభాగానికి ఉపాధిపతి. అధిపతి ఒక తెల్ల కుందేలు. పాఠం మధ్యలో ఎప్పుడైనా పొరపాటున అసలైన హంస మాట దొర్లితే, వకుళ వెంటనే పిల్లలకు క్షమాపణ చెప్పుకుంటుంది.

కాబట్టి విదేశాల్లో భాష చెప్పి పైకి రాదలచినవారు, ఆ భాష తమకు రాకుండా మొదటినుంచే జాగ్రత్తపడాలి.